ఛార్జ్ అప్పగించనిదే పాత ఫిల్టర్‌ని పంపేయకండి

(భిలాయిలో జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఈసారి మీరే మాట్లాడాలి. కానీ యుద్ధం గురించీ పెన్షన్ గురించీ వద్దు, ఆ రెండూ ఏటా అవుతూనే ఉన్నాయి" అన్నారు. "అయితే చేపల గురించి మాట్లాడతాను" అన్నాను. ఆయన భోజనాల సంగతి అనుకున్నట్టున్నారు, వెంటనే సరేనన్నారు. కనుక మొదటే మనవి చేస్తున్నాను: ఇవి తినే చేపలు కావు. అద్దాల తొట్టిలో పెంచుకునే చేపలు. అందులోనూ, ఆ తొట్టికి పాత ఫిల్టర్ తీసి కొత్త ఫిల్టర్ పెట్టడం అనే ఒక్క విషయమే ఈరోజు చెప్పబోతున్నాను. ఇంత చిన్న విషయానికి ఇరవై నిమిషాలా అనుకోకండి. అది సరిగ్గా చేయకపోతే తొట్టిలో ఉన్న ప్రాణాలన్నీ వారం తిరక్కుండా పోతాయి. సరిగ్గా చేయడానికి కావలసిన సరంజామా మాత్రం ఒక బకెట్టు, ఒక నోటుబుక్కు, కాస్త ఓపిక. అంతే.

నా గురించి రెండు ముక్కలు. మాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్నగారు ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనిచేయడానికి వచ్చారు. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన తర్వాత మన ఉత్తరాంధ్ర నుంచి ఎన్ని కుటుంబాలు ఇటు తరలివచ్చాయో ఈ సభలో ఉన్న ఇంటిపేర్లు చూస్తేనే తెలుస్తుంది. నేను మాత్రం ఉక్కు వదిలి ఉప్పునీళ్లలోకి వెళ్లాను. నౌకాదళంలో ఇంజన్ రూమ్ ఉద్యోగం. అయినా ఉక్కు నన్ను పూర్తిగా వదల్లేదనుకోండి. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ ఒంట్లో ఉన్న ప్రత్యేక ఉక్కులో భిలాయి ఉక్కు కూడా ఉంది. ఆ సంగతి పేపర్లో చదివిన రోజున మా నాన్నగారు ఉంటే బాగుండునని అనుకున్నాను. రిటైరయ్యాక మళ్లీ భిలాయికే చేరుకుని రిసాలీలో స్థిరపడ్డాం.

ఇంజన్ రూమ్‌లో పనిచేసినవాళ్లకి ఫిల్టర్ అంటే కొత్త కాదు. ఓడలో ఇంజనుకి వెళ్లే ఆయిల్ దారిలో జంట ఫిల్టర్లుంటాయి. డ్యూప్లెక్స్ ఫిల్టర్ అంటాం. ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. మొదటిది మురికి పట్టిందని గేజి చెప్పగానే చెయ్యి తిప్పి రెండోదానికి మారుస్తాం. ఇంజను ఆగకూడదు. మురికి పట్టినదాన్ని విప్పి, శుభ్రంగా కడిగి, మళ్లీ సిద్ధంగా పెడతాం. అక్కడ లెక్క సులువు. ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిది. మురికి శత్రువు.

చేపల తొట్టి ఫిల్టర్ కూడా అలాంటిదే అనుకుంటారు చాలామంది. మన ఫౌజీలకైతే మరీ. మనకి ఏది కనపడినా తోమి తళతళలాడించడం అలవాటు కదా! అక్కడే ప్రమాదం ఉంది.

మా ఇంటికి ఈ తొట్టి ఎలా వచ్చిందో చెబుతాను. మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. వాడికి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చినప్పుడు కోడలు, మనవడు పుట్టింటివైపు వెళ్లారు. వెళ్లేముందు మనవడు తన తొట్టిని నాకు అప్పగించాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా పోస్తే 56 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన ఖాళీ పోగా నికరంగా 45 లీటర్ల నీళ్లు. అందులో ఎనిమిది చేపలు: ఆరు జీబ్రా చేపలు, రెండు చిన్న గౌరామీలు. రెండు రకాలూ మన దేశపు నీళ్లలోవే. వాడికి తొమ్మిదేళ్లు. అప్పటికే మూడు స్కూళ్లు మారాడు. ఊరు మారినప్పుడల్లా స్నేహితులు మారారు, టీచర్లు మారారు, చివరికి పలకరించే భాష కూడా మారింది. ఈ ఎనిమిదీ మాత్రం మారలేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో మొదటి ప్రశ్న నా ఆరోగ్యం గురించి కాదు. "తాతయ్యా, ఎనిమిదీ ఉన్నాయా?" అనే. మీలో చాలామంది ఇళ్లలో పిల్లలు ఇలాగే పెరిగారు కనుక ఆ ప్రశ్న బరువు మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఏడాది గడిచాక తొట్టిలోని ఫిల్టర్ గురకపెట్టడం మొదలెట్టింది. అది నీళ్లలోనే మునిగి ఉండే చిన్న రకం: కింద మోటారు, దానికో గూడు, ఆ గూట్లో పిడికెడు స్పాంజి. మోటారు విప్పి, అయస్కాంతపు రెక్కకు చుట్టుకున్న జిగురుని పాత టూత్‌బ్రష్‌తో తీసేశాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. కానీ ఇరుసు అరిగిపోయింది, ధార సన్నబడింది. మార్చక తప్పదని తేలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధిలో ఒక పెద్దమనిషి తన తొట్టికి కొత్త ఫిల్టర్ తెచ్చుకున్నారు. ఆయన పద్ధతిగల మనిషి. కొత్తది పెట్టే రోజున పాతదాన్ని చెత్తబుట్టలో వేశారు. పనిలో పనిగా తొట్టి ఖాళీ చేసి, గులకరాళ్లు కుళాయి కింద కడిగి, అద్దం తోమి, కొత్త నీళ్లు నింపారు. తొట్టి అద్దంలా మెరిసింది. రెండు రోజులు చేపలు హాయిగా తిరిగాయి. మూడో రోజు నీళ్లు తెల్లగా మసకబారాయి. నాలుగో రోజు చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. ఆరో రోజుకి ఒక్కటీ లేదు. ఆయన చేసినదాంట్లో నిర్లక్ష్యం ఏమీ లేదు. శ్రద్ధ ఎక్కువైంది. తొట్టిలో మురికితోపాటు, కంటికి కనపడని ఒక కాపలా దళాన్ని కూడా ఆయన ఊడ్చేశారు. ఆ దళం ఏమిటో ఇప్పుడు చెబుతాను.

చేప మేత తింటుంది. మేతలో మాంసకృత్తులుంటాయి. అవి అరిగాక మిగిలే వ్యర్థం అమ్మోనియా. దాన్ని చేప ఎక్కువగా మొప్పల ద్వారానే నీళ్లలోకి వదులుతుంది. మిగిలిపోయిన మేత, రాలిన ఆకు కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. నదిలోనో చెరువులోనో అయితే అది ఎక్కడికో కొట్టుకుపోతుంది. 45 లీటర్ల తొట్టిలో ఎక్కడికి పోతుంది? అక్కడే పేరుకుంటుంది. అమ్మోనియా చేపకి విషం, మొప్పల్ని కాల్చేస్తుంది. నీళ్లలో క్షారగుణం పెరిగినకొద్దీ విషం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర, పి.హెచ్. 7 ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. అదే పి.హెచ్. 8 అయితే ఐదు శాతం దాటుతుంది. వేడి పెరిగినా అంతే. భిలాయి ఎండాకాలం మీకు తెలుసు కదా! పైగా వేడినీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. అంటే మే నెలలో చేపకి రెండువైపులా దెబ్బ.

మరి తొట్టిలో చేపలు నెలలు, ఏళ్లు ఎలా బతుకుతున్నాయి? అక్కడే ఈ దళం. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాని తిని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది చేప నెత్తురులోకి చేరి, ప్రాణవాయువును మోసే శక్తిని చెడగొడుతుంది, నెత్తురు గోధుమరంగుకి తిరుగుతుంది. ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. దానివల్ల హాని చాలా తక్కువ. కొంత మొక్కలు పీల్చుకుంటాయి, మిగతాది వారంవారం కొన్ని నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ పని చేసే బ్యాక్టీరియాని 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త విడదీసి చూపించాడు. మంచినీటి అక్వేరియాల్లో నైట్రైట్‌ని మార్చే పని ముఖ్యంగా నైట్రోస్పైరా అనే జాతిదని 1998లో తేలింది. ఆ రెండు పనులనీ ఒక్కటే చేసే బ్యాక్టీరియా కూడా ఉందని 2015లో కనుక్కున్నారు. అంటే ఈ దళం గురించి మనకి ఇంకా కొత్త సంగతులు తెలుస్తూనే ఉన్నాయన్నమాట.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరగడం తక్కువ. ఏదో ఒకదానికి అంటిపెట్టుకుని ఉంటాయి. ఎక్కడ ధార బాగా పారుతుందో, ఎక్కడ ప్రాణవాయువు అందుతుందో అక్కడ కాపురం పెడతాయి. తొట్టిలో అలాంటి చోటు ఏది? ఫిల్టర్‌లోని స్పాంజి. దాని సందుసందునా జిగురుగా, గోధుమరంగులో పట్టి ఉండేది మురికొక్కటే కాదు, ఈ దళం కూడా అక్కడే ఉంది. మోటారు నీళ్లు తోసే కూలి మాత్రమే. అసలు ఉద్యోగం స్పాంజిలో ఉన్నవాళ్లది. వీళ్లు పెరిగేది కూడా మెల్లగా. మామూలు బ్యాక్టీరియా అరగంటకోసారి రెట్టింపవుతుంటే, వీటికి సుమారు ఒక రోజు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకే కొత్త ఫిల్టర్ పక్వానికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇదంతా పుస్తకాల సంగతి అనుకోకండి. మన ఊళ్లో రోజూ జరిగేదే. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లున్నాయి. బొగ్గుని గాలి తగలకుండా కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చే వాయువుని చల్లబరిస్తే అమ్మోనియా, ఫినాల్ కలిసిన నీళ్లు వస్తాయి. ఉక్కు పరిశ్రమలో ఆ నీళ్లని శుద్ధిచేసే పద్ధతుల్లో ముఖ్యమైనది బ్యాక్టీరియాతో శుద్ధి చేయడం. ఆ విభాగంలో పనిచేసినవారు ఇక్కడ ఉన్నారు, నేను తప్పు చెబితే సరిదిద్దండి. ఇలాంటి శుద్ధి పద్ధతికి మూలం 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం. మురుగునీటిలోకి గాలి ఊదుతూ పోతే, మొదటిసారి అమ్మోనియా పూర్తిగా మారడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. అప్పుడు వాళ్లు అడుగున పేరుకున్న బురదని పారబోయలేదు. దాన్ని అలాగే ఉంచి పైన కొత్త మురుగునీళ్లు పోశారు. అలా చేస్తూ పోతే ఐదు వారాల పని చివరికి ఒక రోజులోపే అయిపోయింది. ఈరోజు ప్రపంచంలోని ఎన్నో నగరాల మురుగు శుద్ధి కేంద్రాలు నడిచేది ఆ బురదని దాచుకోవడం మీదే. మన భీమవరం వైపు రొయ్యల రైతుల్ని అడగండి, అమ్మోనియా, నైట్రైట్ అనే మాటలు వాళ్ల నోట అప్పులూ వడ్డీలూ అన్నంత తేలిగ్గా వస్తాయి. కరెంటు పోయి ఏరేటర్ ఆగితే రాత్రంతా చెరువుగట్టు మీదే ఉంటారు.

ఇక అసలు పని. మన సర్వీసులో బదిలీ వస్తే ఏం చేస్తాం? రిలీవర్ వస్తాడు. కొన్నాళ్లు ఇద్దరం కలిసి పనిచేస్తాం. స్టోర్స్ లెక్క చూపిస్తాం, తాళాలు ఇస్తాం, ఏ వాల్వ్ మొండికేస్తుందో చెవిలో చెబుతాం. అప్పుడు కాగితం మీద సంతకాలు పెట్టుకుంటాం. హ్యాండింగ్ ఓవర్, టేకింగ్ ఓవర్. రిలీవర్ రాకుండా పాతవాణ్ణి పంపేస్తే ఏమవుతుందో మనందరికీ అనుభవమే. ఫిల్టర్ విషయంలో నేను చేసింది అచ్చంగా అదే. ఇంజన్ రూమ్ అలవాటు కొద్దీ ఒక లాగ్ బుక్ కూడా పెట్టాను. అందులోంచే చెబుతున్నాను.

మొదటి మాట, పాతది పూర్తిగా ఆగిపోయేదాకా చూడలేదు. గురక మొదలవగానే కొత్తది తెచ్చాను. పాతది ఊపిరితో ఉంటేనే ఛార్జ్ అప్పగించగలదు.

కొత్తది ఎలాంటిది కొనాలి? తొట్టిలోని నీళ్లు గంటకి నాలుగైదుసార్లు ఫిల్టర్‌లోంచి తిరిగితే చాలని పెంపకందార్ల లెక్క. నా 45 లీటర్లకి గంటకి 180 నుంచి 225 లీటర్లు. కాస్త అటూ ఇటూగా 250 లీటర్లదని పెట్టె మీద రాసి ఉన్నది తెచ్చాను. అద్దం అంచుకి తగిలించే రకం. అవసరానికి మించి పెద్దది కొంటే ధార జోరుకి గౌరామీలు తట్టుకోలేవు. అవి నిదానపు నీళ్ల చేపలు. పెట్టెలో నల్లబొగ్గు నింపిన కాగితపు గుళికలు ఇచ్చారు, నెలకొకటి మార్చమని. అవి పక్కన పెట్టేశాను. నెలనెలా గుళిక మార్చడమంటే నెలనెలా దళాన్ని డిస్మిస్ చేయడమే. వాటి బదులు ఆ గూట్లో మోటుగా ఉండే స్పాంజి ముక్క పెట్టాను. అది ఏళ్లతరబడి ఉంటుంది.

మొదటి మూడు రోజులు నీళ్లు పరీక్ష మాత్రమే చేశాను. అక్వేరియం సామాన్లు అమ్మేచోట చుక్కల మందుతో చూసే కిట్ దొరుకుతుంది. అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చకి తిరుగుతుంది. మూడు రోజులూ పసుపే. లాగ్‌లో రాశాను: "అమ్మోనియా సున్న, నైట్రైట్ సున్న, చేపలు ఎనిమిది."

నాలుగో రోజు కొత్త ఫిల్టర్‌ని ఉత్త నీళ్లతో కడిగి, సబ్బు తగలనివ్వకుండా, పాతదాని పక్కనే తగిలించాను. రెండూ ఆన్ చేశాను. పాత స్పాంజిలో మూడోవంతు కత్తిరించి కొత్త గూట్లో పెట్టాను. మిగతాదాన్ని తొట్టిలోంచి తీసిన ఒక మగ్గు నీళ్లలో మెల్లగా ఒక్కసారి పిండి, ఆ గోధుమరంగు నీళ్లని కొత్త ఫిల్టర్ పీల్చేచోట పోశాను. మా ఆవిడ చూసి "కడిగిన మురికి మళ్లీ అందులోనే పోస్తారేంటండీ, మతిపోయిందా?" అంది. "ఇది మురికి కాదే, అడ్వాన్స్ పార్టీ" అన్నాను. ఒక పూట నీళ్లు మసగ్గా ఉండి, రాత్రికి తేరుకున్నాయి.

ఇక్కడ కుళాయి నీళ్ల సంగతి చెప్పాలి. టౌన్‌షిప్‌కి నీళ్లు మరోడా జలాశయం నుంచి శుద్ధి అయి వస్తాయి. సూక్ష్మజీవుల్ని చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మన కడుపుకి అది మేలే. కానీ స్పాంజిని ఆ కుళాయి కింద పట్టుకుని పిండితే, కలరా క్రిమికి పడే శిక్షే మన దళానికీ పడుతుంది. అందుకే స్పాంజి ఎప్పుడూ తొట్టి నీళ్లలోనే పిండాలి. కొత్తగా పోసే నీళ్లని మూత లేని బకెట్లో ఒక రోజు నిలవ ఉంచాలి, లేదా క్లోరిన్ విరగ్గొట్టే మందు చుక్కలు వేయాలి.

ఆరు వారాలు రెండు ఫిల్టర్లూ జంటగా నడిచాయి. ఆ ఆరు వారాలూ ఇంకే మార్పూ చేయలేదు. కొత్త చేప తేలేదు, గులకరాళ్లు కదపలేదు, మందులేమీ వేయలేదు. వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మార్చాను, అంతే. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది ఎందుకు చెడిందో ఎవరికీ తెలియదు. ఇది ఇంజన్ రూమ్‌లో మొదటి పాఠం.

రెండో వారంలో ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయింది. టౌన్‌షిప్‌లో అది అరుదే, కానీ ఆ రాత్రి ఐదు గంటలు రాలేదు. ధార ఆగితే స్పాంజిలో ఉన్నవాటికి ప్రాణవాయువు అందదు. ఈ పనికి అవి చాలా ప్రాణవాయువు ఖర్చు చేస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి నాలుగు గ్రాములకి పైగా ఆక్సిజన్ కావాలి. మూసి ఉన్న గూట్లో అవి ఊపిరాడక చస్తే, కరెంటు రాగానే ఆ కుళ్లంతా తొట్టిలోకి వచ్చిపడుతుంది. అందుకని రెండు స్పాంజిల్నీ గూళ్లలోంచి తీసి తొట్టి నీళ్లలోనే వదిలాను. పావుగంటకోసారి మగ్గుతో నీళ్లు తీసి జానెడు ఎత్తునుంచి పోశాను. గాలి కలవడానికి అంతకంటే చౌకైన యంత్రం లేదు. టార్చి పట్టుకుని మా ఆవిడ, మగ్గు పట్టుకుని నేను. నాలుగు గంటల వాచ్ డ్యూటీ మళ్లీ గుర్తొచ్చింది. కరెంటు రాగానే కొత్త ఫిల్టర్ గూట్లో నిలిచిన నీళ్లు బయట పారబోసి, స్పాంజిలు తిరిగి పెట్టి, అప్పుడు స్విచ్ వేశాను. మర్నాడు పరీక్ష చేస్తే పసుపే.

నలభై ఆరో రోజున పాత ఫిల్టర్ ఆపాను. మోటారు తీసేశాను కానీ దాని స్పాంజిని పారేయలేదు. దారం కట్టి కొత్త ఫిల్టర్ ధార పడేచోట వేలాడదీశాను. రిజర్వులో ఉన్న పటాలం అనుకోండి. మేత సగానికి తగ్గించాను. రోజూ పరీక్ష. మొదటి రోజు పసుపు, రెండో రోజు పసుపు. మూడో రోజున గొట్టంలో లేత ఆకుపచ్చ కనిపించింది. కిట్‌లో అది 0.25 గీత. నిజం చెబుతున్నాను, ఆ రంగు చూసినప్పుడు ఓడలో ఆయిల్ ప్రెషర్ పడిపోయినంత పనైంది. ఎందుకంటే అది శుక్రవారం. ఆదివారం ఫోన్ వస్తుంది.

కంగారుపడి ఏమీ తిరగతోడలేదు. ఆరోజు మేత పూర్తిగా ఆపాను. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకి ఒకటి రెండు రోజులు పస్తు పెద్ద లెక్క కాదు. ముందురోజు నిలవపెట్టిన నీళ్లతో 12 లీటర్లు మార్చాను. జీబ్రా చేపలు పైకి తేలి గాలి మింగుతున్నాయేమోనని చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ ఒక తేడా గమనించండి. గౌరామీ అప్పుడప్పుడు పైకొచ్చి గాలి పీల్చడం దాని స్వభావం, దానికి ఆ అవయవం వేరే ఉంది. జీబ్రా చేపలు గుంపుగా పైకి చేరితే మాత్రం అది ప్రమాద సూచన. మావి కిందనే తిరుగుతున్నాయి. నాలుగో రోజు రంగు ఇంకా లేతబడింది. ఐదో రోజు పసుపు. ఆ తర్వాత పదిరోజులూ పసుపే. లాగ్‌లో చివరి వాక్యం రాశాను: "పాత ఫిల్టర్ రిలీవ్ అయింది. అమ్మోనియా సున్న, నైట్రైట్ సున్న, చేపలు ఎనిమిది." ఆదివారం ఫోన్‌లో వాడికి అదే చదివి వినిపించాను. వాడు కాసేపు ఆగి, "పాత స్పాంజిని ఏం చేశారు తాతయ్యా?" అన్నాడు. తొమ్మిదేళ్లవాడు అడిగిన ప్రశ్న మన పెద్దమనుషులు అడగడం లేదు, చూశారా!

ఇంటికెళ్లాక మీకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పి ముగిస్తాను.

ఒకటి. మోటారు ఉన్నట్టుండి ఆగిపోతే, జంటగా నడిపే వీలు లేకపోతే, కంగారుపడకండి. పాత స్పాంజిని తడిగా ఉండగానే, గంటలోపు, కొత్త ఫిల్టర్ గూట్లో పెట్టేయండి. పట్టకపోతే కత్తిరించి పెట్టండి. మోటారు మారినా దళం మారకపోతే చాలు.

రెండు. ఇరుగుపొరుగున ఎవరికైనా ఇలా ఫిల్టర్ పాడై, దళం మొత్తం పోయి ఉంటే, మీ తొట్టిలో చేపలు ఆరోగ్యంగా ఉంటే, మీ స్పాంజిలో ఒక ముక్క ఇవ్వండి. మా వీధి పెద్దమనిషి మళ్లీ తొట్టి మొదలుపెట్టినప్పుడు నా రిజర్వు పటాలం ఆయన ఇంటికే బదిలీ అయింది. పాలల్లో తోడు వేసినట్టే ఇది. మన ఇళ్లల్లో తోడు అడిగితే లేదనకూడదంటారు కదా.

మూడు. నీళ్లూ కరెంటూ పక్కపక్కన ఉన్న పని ఇది. తొట్టిలో చెయ్యి పెట్టేముందు స్విచ్ కట్టండి. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. అప్పుడు వైరు వెంట జారే నీటిబొట్టు నేలమీద పడుతుంది, సాకెట్లోకి పోదు. గాలిపంపు వాడేవారు దాన్ని నీటిమట్టం కంటే పైన పెట్టండి, లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ తగిలించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి.

నాలుగు. వేసవి సెలవులకి దుర్గ్ నుంచి విశాఖ రైలెక్కేటప్పుడు తొట్టిని పొరుగువారికి అప్పగిస్తారు కదా, నోటిమాటగా అప్పగించకండి. ఒక కాగితం రాసిపెట్టండి. మేత ఎంత, ఏ పూట, కరెంటు పోతే ఏం చేయాలి, ఏది ముట్టుకోకూడదు. మనం వెళ్లాక ప్రేమతో ఎవరో ఒకరు ఫిల్టర్ కడిగిపెట్టకుండా ఆ కాగితమే కాపాడుతుంది.

మనం యూనిఫాం విప్పేశాక మన పని ఎవరు చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో మనకి తెలియదు. కానీ వెళ్లేముందు సరిగ్గా అప్పగించామా లేదా అన్నది మాత్రం మన చేతిలోనే ఉండింది. ఈ సభలో కొత్తగా రిటైరైన తమ్ముళ్లున్నారు, రేపు సర్వీసులో చేరబోయే పిల్లలున్నారు. సంఘం బాధ్యతలు కూడా ఈ ఏడాది చేతులు మారుతున్నాయని విన్నాను. కొత్త కార్యవర్గం వారికి నా విన్నపం ఒక్కటే. పాతవారిని ఆరు వారాలు పక్కనే కూర్చోబెట్టుకోండి. వాళ్లు కాస్త గురకపెట్టినా ఫర్వాలేదు.

భోజనాల్లో చేపలు లేవని కార్యదర్శిగారు ఇందాకే నాకు చెప్పారు. నిరాశపడినవారు నన్ను మన్నించాలి.

జై హింద్.